పక్కకు తిరిగిన సింహాలు

విడపనకల్లు,
జూన్ 11.

చిన్నాయనకు, చిన్నమ్మకు నమస్కారాలు.

ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోవడం, నీకు సగం మాట కూడా అందకపోవడం ఎందుకని మళ్ళీ కాగితం పట్టాను. నీ చెవుల పుణ్యమా అని నా చేతిరాత ఇంకా బతికి ఉంది.

ఇక్కడ వాన లేదు. మే నెలలో ఒక్క జల్లు పడి ఆశ పెట్టి పోయింది. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. చేలల్లో పని లేకపోతే మా కిరాణా అంగట్లో బేరం ఉండదు కదా. మీ అల్లుడు రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. పాత నాణేలు లక్షలిచ్చి కొంటామని ఎవరో అందులో వీడియోలు పెడతారట. అవి చూసి చూసి గల్లాపెట్టె బోర్లించి ఒక్కో బిళ్ళా ఏరడం మొదలుపెట్టారు. నిరుడు తొలకరికి వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళను చూసి నవ్విన మనిషే ఈయన.

పోయిన వారం ఒక బిళ్ళ దొరికింది. ఐదు రూపాయల పసుపు బిళ్ళ, ఏదో పాత గుడికి వెయ్యేళ్ళు నిండాయని వేసినది. ఒకవైపు గుడి, ఒకవైపు మూడు సింహాలు. అందులో అచ్చు తప్పు పడిందని ఈయన పట్టు. రెండువైపులా ఫోటోలు తీసి ఆ వీడియోల వాళ్ళకు పంపారు. గంటలో ఫోన్ వచ్చింది. ఎనిమిది లక్షలట! ముందు పేరు నమోదు చేసుకోవాలి, దానికి కొంత కట్టమన్నారు. కట్టారు. తరువాత ఏదో పన్నన్నారు. అదీ కట్టారు.

నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. "మీ చిన్నాయనకి రాయి. ఆయప్ప చూసి చెప్తే నాకు చాలు" అన్నారు ఈయన. రెండువైపులా పెన్సిల్‌తో రుద్ది ఆ ముక్కలు ఇందులో పెట్టాను. చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. మొహమాటపడి మెత్తగా రాయొద్దు.

నీ బిడ్డ,
లక్ష్మీప్రసన్న


అనంతపురం, పాతూరు,
జూన్ 17.

చి.ల.సౌ. లక్ష్మీప్రసన్నకు మీ చిన్నాయన ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. మీ చిన్నమ్మ కన్యకమ్మ నాకంటే కులాసా. శ్రావణం రాకముందే నా నాణేల డబ్బా వైపు చూస్తోంది. పోయినేడు పూజకని అందులోంచి ఇరవై రెండు బిళ్ళలు తీసి చింతపండు పెట్టి తళతళా తోమింది. నాణేనికి దాని మకిలే దాని వయసు, తోమిన దాన్ని కొనేవాడు ముట్టడు అని నేను మొత్తుకుంటే, "అమ్మవారి ముందు మురికి బిళ్ళలు పెడతారా ఎవరన్నా?" అని నా మీదికే లేచింది. ఈసారి డబ్బాకు తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకూ గుర్తు లేదు.

ఇక నీ బిళ్ళ సంగతి. టంకశాలలో పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు ఉంటాయి. మధ్యలో బిళ్ళ పెట్టి ఒక్క దెబ్బ. ఆ దెబ్బలో బిళ్ళ జరిగితే బొమ్మ ఓరగా పడి అంచున నెలవంకంత ఖాళీ మిగులుతుంది. ముందు కొట్టిన బిళ్ళ అచ్చుకే అతుక్కుపోతే తరువాతి దానికి ఒకే బొమ్మ రెండువైపులా పడుతుంది, అందులో ఒకటి తిరగబడి ఉంటుంది. అచ్చు వదులై తిరిగిపోతే ఒక బొమ్మ నిలబడి, రెండోది పక్కకు వాలి వస్తుంది. ఇవి నిజం తప్పులు. వీటికి కొంత వెల ఉంది, లక్షలు లేవు. మనిషి చేతి తప్పులకు ఆ కొంతైనా లేదు. పోయిన నెల కుందుర్పి నుంచి ఒకాయన పది రూపాయల బిళ్ళ తెచ్చాడు, నడిమి భాగం లేదు. "టంకశాల తప్పు సామీ" అన్నాడు. సుత్తి దెబ్బలు కళ్ళకు కనబడుతుంటే ఏం చెప్పాలి? మజ్జిగ ఇచ్చి పంపించాను.

నీ ముక్కలు భూతద్దం కింద పెట్టి గంటసేపు చూశాను. అక్షరాలు నిండుగా ఉన్నాయి. అంచు గుండ్రంగా ఉంది. సంవత్సరం కింద ముంబయి టంకశాల వాళ్ళ డైమండ్ గుర్తు దాని చోట అది ఉంది. ఈ ముక్కల్లో ఏ తప్పూ లేదు. ఐదు రూపాయల బిళ్ళ ఐదు రూపాయలే చేస్తుంది. ఎనిమిది లక్షలన్నవాడు దొంగ. అల్లుడికి ఈ మాట నా మాటగా చెప్పు.

అన్నట్టు, మా ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు నీకు కాగితం మడిచి రుద్దడం నేర్పాను కదా. ఇప్పుడు రెండు ముక్కలు వేరువేరుగా పంపావేం? మీ ఊళ్ళో కాగితానికీ కరువొచ్చిందా?

సోమశేఖర్


విడపనకల్లు,
సెప్టెంబర్ 2.

చిన్నాయనకు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళకు జవాబు రాస్తున్నాను. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు. "మీ చిన్నాయనకి చెవులే అనుకుంటి. కండ్లూ పోయినాయి" అన్నారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఫోన్‌తోనే మాటలు. "సార్, మీ బిళ్ళ నిజమైంది సార్, మీది మంచి కన్ను సార్" అని వాళ్ళు అంటుంటే ఈయన ముఖం విప్పారేది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని.

జులై, ఆగస్టుల్లో ఎంత కట్టారో రాయను. నా మెడలో గొలుసు లేదు, అంతే తెలుసుకో. చిన్నమ్మకు చెప్పొద్దు.

ఐదు రోజుల కిందట ఆ ఫోన్లో గొంతు మారింది. ఖాకీ చొక్కా వేసుకున్నవాడు తెరమీదకు వచ్చి, అనుమతి లేకుండా ఇలాంటి నాణెం అమ్మబోవడం నేరం, నీ మీద కేసు పెట్టాం అన్నాడు. విచారణ అయ్యేదాకా గది దాటకూడదట. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఫోన్ ముందే కూర్చోవాలి. రాత్రి పడుకున్నా దాన్ని ఆపకూడదు. దొడ్డికి పోవాలన్నా అడిగి పోవాలి. ఎవరికైనా చెబితే ఆ పూటే జైలు. నా ఫోన్ కూడా ఆపేసి బీరువాలో పెట్టించారు. అంగడి షట్టర్ దించేశాం. మన దగ్గర సరుకు తీసుకుపోయే కూలి చెన్నప్ప నిన్న వచ్చి షట్టర్ తట్టాడు. "అక్కా, అన్న యాడికి పోయినాడు? అంగడి మూసుకోని ఏం చేస్తాండారు?" అన్నాడు. జ్వరమని చెప్పాను. అబద్ధం చెప్పి లోపలికి వస్తే, ఎవరితో మాట్లాడావని ఫోన్లోంచి గదమాయించాడు ఆ ఖాకీవాడు. నా ఇంట్లో నన్ను.

ఇది వంటింట్లో నేల మీద కూర్చుని రాస్తున్నాను. పోస్టు రామాంజినమ్మ పెరటి గోడ మీదుగా తీసుకుంటుంది. నీ జవాబూ ఆమె చేతికే వస్తుంది.

స్టేషనుకు పోదామా అంటే భయం. ఈయన పోలీసుల పేరు చెబితేనే వణికి కూర్చున్నారు. నిజం జీపు వాకిట్లో ఆగితే, తనను పట్టుకోవడానికే వచ్చిందనుకుని ఏం చేసుకుంటారో. నువ్వు కూడా రావొద్దు. కొత్త మనిషి గొంతు వినబడితే ఈయన గడియ పెట్టుకుంటారు.

ఒక్కటే అడుగుతాను. ఆ బిళ్ళ నకిలీదని, ఎవరో ఇంట్లో పోత పోసిందని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. నకిలీ అయితే కేసు లేదు కదా అని ఈయన లేచి వస్తారేమో. మనిషి దక్కితే చాలు నాకు.

లక్ష్మి


అనంతపురం,
సెప్టెంబర్ 6.

అమ్మా లక్ష్మీ,

నువ్వు అడిగింది నేను చెయ్యలేను.

కోపం తెచ్చుకో, పరవాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు స్టీలు సామాన్ల అంగట్లో గుమాస్తాగా నిలబడ్డాను. ఒకరి గల్లాపెట్టె ముందు నిలబడి, అందులోంచి వచ్చిన బిళ్ళలు చూసి చూసి ఈ విద్య పట్టుకున్నాను. నాకు పొలం లేదు, మిద్దె లేదు. "సోమశేఖర్ చూసినాడా?" అని అడిగి కొనేవాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారు, అదొక్కటే ఉంది. అసలు బిళ్ళను నకిలీ అని రాస్తే ఆ తరువాత నేను ఎవరిని?

ఇంకో మాట. జూన్‌లో నేను నవ్వుతూ అడిగినదానికి నువ్వు ఇప్పటికీ జవాబు రాయలేదు. బిళ్ళను మడత కాగితం మధ్య పెట్టి, కదలనీయకుండా రెండువైపులా రుద్ది, కాగితాన్ని పుస్తకంలా విప్పితే రెండు బొమ్మలూ పక్కపక్కన పడతాయి. అప్పుడే ఒకటి నిలబడి ఒకటి వాలిందా అన్నది తెలుస్తుంది. వేరువేరు ముక్కల మీద రుద్దితే బ్రహ్మకు కూడా తెలియదు. ఇది తొమ్మిదేళ్ళప్పుడే నీకు వచ్చు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు అలా చేశావంటే ఏదో కారణం ఉంటుందిలే అని, కాగితం మీద ఉన్నంతవరకే రాసి ఊరుకున్నాను. గట్టిగా అడగాల్సింది. అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మడిచి రుద్ది పంపు. ఆ దొంగలు ఏదైనా కాగితం పంపి ఉంటే అదీ పంపు.

నిజం పోలీసు ఎవరినీ ఫోన్ ముందు కూర్చోబెట్టి ఖైదు చెయ్యడు. పేపర్లో రోజూ వేస్తున్నారు. ఇలాంటి మోసాలకు ఫిర్యాదు నంబరు 1930. రాసి పెట్టుకో. మీ చిన్నమ్మ బస్సెక్కుతానని సంచీ సర్దింది. రావొద్దన్న నీ మాట చెప్పి ఆపాను.

సోమశేఖర్


విడపనకల్లు,
సెప్టెంబర్ 10.

చిన్నాయనా,

మడిచి రుద్దినది ఇందులో ఉంది. విప్పి చూస్తే నీకే తెలుస్తుంది. గుడి నిలబడి ఉంది. సింహాలు పక్కకు తిరిగి పడుకుని ఉన్నాయి.

నాకు మొదటి రోజే తెలుసు. ఆయన గల్లాపెట్టెలోంచి తీసి నా అరచేతిలో పెట్టి, "చూడు, చూడు, సింహాలు పండుకోనుండాయి" అని పిల్లాడిలా గంతులేశారు. నేను పుస్తకం పేజీలా తిప్పి చూశాను. నిజమే. నువ్వు నేర్పిన కన్ను కదా, ఎందుకు తెలియదు? కానీ గంటలోనే ఫోన్ వచ్చి వాళ్ళకు డబ్బు పోయింది. నిజమని నేనంటే, నువ్వంటే, ఇంక ఈ మనిషిని ఎవరు ఆపుతారు? అందుకని "నాకేమీ కనబడలేదు, మామూలు బిళ్ళే" అన్నాను. వేరువేరు ముక్కల మీద రుద్ది నీ నోటితో కూడా మామూలుదే అనిపించాను. నీది నిజాయితీ, దాన్ని నేను వాడుకున్నాను. కాళ్ళు పట్టుకుంటాను, క్షమించు.

వాళ్ళు పంపిన పత్రం కూడా పెట్టాను. ఆయన ఆగస్టులో నెట్ సెంటర్లో రంగుల్లో అచ్చు తీయించి దేవుడి పటం పక్కన పెట్టారు. బిళ్ళ ఇల్లు కదలకుండానే, ఫోటోలతోనే వాళ్ళ పరిశోధనశాలలో పరీక్షించి ఇచ్చిందట. పటం పక్క నుంచి తీశానని ఆయనకింకా తెలియదు.

ఇప్పుడు అంగడి కాగితాలు అడుగుతున్నారు. జామీనట. మొన్న మధ్యాహ్నం అన్నం పెడుతుంటే ఫోన్‌కు వినబడకుండా నోరు కదిపారు. "నేను పోతే కేసూ పోతాదేమో లక్ష్మీ" అన్నారు. ముద్ద చేతిలో అట్లాగే ఉంది. ఫోన్ మా వైపే చూస్తోంది.

ఇంట్లో తాడు, కత్తిపీట అన్నీ రామాంజినమ్మకు గోడ మీదుగా ఇచ్చేశాను. కూరగాయలు చేత్తో తుంచి వండుతున్నాను. చిన్నాయనా, ఇంక నాకు దారి తోచడం లేదు. గట్టిగా ఏడ్వడానికి కూడా ఈ ఇంట్లో చోటు లేదు.

లక్ష్మి


అనంతపురం,
సెప్టెంబర్ 13.

లక్ష్మీ,

దీనితో ఇంకో ఉత్తరం ఉంది. అది అల్లుడికి. అన్నం పళ్ళెం కింద పెట్టి ఇవ్వు. చదివేటప్పుడు నువ్వు పక్కనే ఉండు.

అందులో ఒక అబద్ధం రాశాను, నువ్వు కాదనొద్దు. బిళ్ళ గురించి నేను అబద్ధం చెప్పను. నా గురించి చెప్పుకుంటే ఎవరికేం నష్టం?

సోమశేఖర్


చిరంజీవి సాయిగణేష్‌కు,

పెళ్ళయిన నాటి నుంచి మిమ్మల్ని మీరు అనే పిలిచాను. ఈ ఒక్క ఉత్తరంలో కొడుకనుకుని నువ్వంటున్నాను, ఏమనుకోవద్దు.

నీ బిళ్ళ నిజమైనది. నువ్వు చూసిన తప్పు నిజంగా ఉంది. కింద అచ్చు పావు చుట్టు తిరిగిపోయి కొట్టిన దెబ్బ అది. నా ఇన్నేళ్ళలో స్మారక నాణేల్లో ఇలాంటివి మూడే చూశాను. జూన్‌లో నేను మామూలుదని రాసింది తప్పు. ముసలి కన్ను, సరిగ్గా చూడలేదు. లక్ష్మి నా మాటే నమ్మింది. నీ కన్ను గెలిచింది, నా కన్ను ఓడింది. ఈ మాట నేనెవరి ముందైనా చెబుతాను.

ఇష్టపడి కొనేవాడు దొరికితే దాని ధర వెయ్యి, మహా అయితే రెండు వేలు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినవాడు దొంగ. అమ్మడం నేరమూ కాదు. ఊరూరా నాణేల ప్రదర్శనలు పెట్టి బల్లల మీద పరిచి అమ్ముతారు, నేనే అమ్మాను.

వాళ్ళిచ్చిన పత్రం నా ముందుంది. అందులోని బొమ్మ నీ బిళ్ళది కాదు. నీదాంట్లో సంవత్సరం కింద డైమండ్ గుర్తుంది, పత్రంలోని దానికి నక్షత్రం ఉంది. అది హైదరాబాదులో కొట్టినది. ఎక్కడిదో బొమ్మ తెచ్చి అతికించారు. నువ్వు పంపిన ఫోటోలు చూసినా వాళ్ళకు తెలిసేది కాదు, ఒక్కో వైపు విడిగా తీస్తే వాలినది వాలినట్టు కనబడదు. అచ్చు తప్పు పడిందని నువ్వు అన్నావు, అవునన్నారు. ఏం తప్పు అని ఎవరైనా అడిగారా? నేనైతే మొదట అదే అడుగుతాను.

ఇప్పుడు నువ్వు అడుగు. "గుడిని నిలబెట్టి పక్కకి తిప్పితే, నా బిళ్ళలో సింహాల తలలు ఏ వైపుంటాయి?" ఇంకేమీ అడగొద్దు. పరీక్షించినవాడైతే చెబుతాడు.

చెప్పలేకపోతే లేచి బయటికి రా నాయనా. నువ్వు ఏ నేరమూ చెయ్యలేదు.

మీ మామ,
సోమశేఖర్


విడపనకల్లు,
సెప్టెంబర్ 24.

చిన్నాయనకు, చిన్నమ్మకు,

వచ్చాడు! మనిషి బయటికి వచ్చాడు.

నీ ఉత్తరం పళ్ళెం కింద పెట్టి ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని, తింటున్నట్టు తల దించి చదివారు. "నీ కన్ను గెలిచింది" అన్న చోట ఆగిపోయి, అక్కడే మళ్ళీ మళ్ళీ చదివారు. కళ్ళనీళ్ళు అన్నంలో పడ్డాయి. తరువాత చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ వైపు తిరిగారు.

"సార్, ఒక మాట. గుడిని నిలబెట్టి పక్కకి తిప్పితే నా బిళ్ళలో సింహాల తలలు ఏ పక్కకుంటాయి?"

ఖాకీవాడిది హిందీ, అర్థం కాలేదు. వాళ్ళ దగ్గర తెలుగు మాట్లాడే అమ్మాయి ఉంది, మొదటి నుంచీ ఆమే మాటలు అటూ ఇటూ మార్చి చెబుతోంది. "పైకే ఉంటాయి. అన్ని నాణేలకూ అంతేగా" అన్నాడట.

"మళ్లొకసారి చూసి చెప్పు సార్. మీరు పరీక్ష చేసినారు గదా."

"పైకే. కేసులో ఉన్నవాడివి, ప్రశ్నలు వెయ్యకు" అని అరిచాడు.

ఈయన అన్నం పళ్ళెం పక్కకు నెట్టారు. "పైకే ఉంటే ఆ బిళ్ళతో ఇంగ నాకేం పని సార్? మీకేం పని?" అన్నారు. ఫోన్ ఆపి, తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో వేసి మూత పెట్టారు. ఇరవయ్యో రోజు అది. షట్టర్ ఎత్తుతుంటే సగంలో ఆగిపోయింది, నేనూ ఒక చెయ్యి వేశాను. ఎదురుగా అరుగు మీద చెన్నప్ప కూర్చుని ఉన్నాడు. "ఏమప్పా, బతికే ఉండావా? చక్కెర లేక ఇంట్లో నన్ను చంపుతాండారు" అన్నాడు. దానికి ఈయన నవ్వబోయి, అక్కడే మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు.

మరుసటి రోజు 1930కి చేశాం, స్టేషనుకూ వెళ్ళి రాసిచ్చాం. పోయింది రావడం కష్టమన్నారు. పోనీ. అంగడి కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. రాత్రి నిద్రలో ఇప్పటికీ "సార్, దొడ్డికి పోయి రావచ్చునా" అంటారు. పోవచ్చు, పడుకో అని నేనంటాను.

నీ పేరు మీద మచ్చ వేసుకుని రాశావు. నాకది ముల్లులా ఉంది. కానీ ఇప్పుడే చెప్పే ధైర్యం లేదు.

లక్ష్మి


అనంతపురం,
అక్టోబర్ 12.

అమ్మా లక్ష్మీ,

చిన్నమ్మ నీ ఉత్తరం తిరగేసి తిరగేసి చదివి, కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నేను ఒక పూట భోంచేయకుండా ఊరుకున్నాను, ఎందుకో తెలియదు, ఆకలి వెయ్యలేదు.

అల్లుడు రెండు వారాల కిందట ఇక్కడికొచ్చి, నాణేల వ్యాపారం చేసే గిరికి ఆ బిళ్ళ చూపించాడట. గిరి పద్నాలుగు వందలిస్తానన్నా అమ్మలేదట. మంచి పని చేశాడు. మాటల్లో నా సంగతి కూడా వచ్చిందని విన్నాను. రావడం సహజమే. వాడు గెలిచాడు, నలుగురికీ చెప్పుకోవాలని ఉంటుంది, చెప్పుకోనీ.

గిరి ఈ రెండు వారాలూ బిళ్ళలు చూపించడానికి రాలేదు. వాడికీ పనులుంటాయి.

ఆ రెండు ముక్కల సంగతి నువ్వూ నేనూ మింగేద్దాం. మనిషి ఇప్పుడే లేచి నిలబడ్డాడు. వాడికి నువ్వు తప్ప ఇంకెవరున్నారు? నిజం చెప్పి ఆ ఒక్క ఆసరా కూడా తియ్యొద్దు. నిజం గురించి నేనిలా రాస్తున్నానని నవ్వుకోకు.

సోమశేఖర్


విడపనకల్లు,
నవంబర్ 3.

చిన్నాయనకు,

నీ మాట వినలేదు. చెప్పేశాను.

మొన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. గిరి రావడం లేదు, గుంతకల్లు వాళ్ళూ రావడం లేదు, "ముసలాయనకు కన్ను పోయిందంట" అని బజార్లో అనుకుంటున్నారు, మీ చిన్నాయన పొద్దస్తమానం భూతద్దం తుడుచుకుంటూ కూర్చుంటున్నాడు అని చెప్పింది. నువ్వు రాయలేదు కదా ఇది. ఫోన్ పెట్టేసి అంగట్లోకి వెళ్ళాను.

అంగట్లో ఆయన చక్కెర పొట్లం కడుతున్నారు. పక్కన నిలబడి మొత్తం చెప్పాను. మొదటి రోజు అరచేతిలో చూసింది, ఏమీ లేదన్నది, వేరు ముక్కల మీద రుద్దింది, నువ్వు నా కోసం నీ కన్నును తక్కువ చేసుకున్నది. ఆయన దారం చుడుతూనే ఉన్నారు, తెగేదాకా చుట్టారు.

"మొదటి దినమే తెలుసునా?" అన్నారు.

"తెలుసు."

"నాకు పిచ్చి పట్టిందేమోనని నేనే అనుకుంటాంటే, అప్పుడూ తెలుసునా?"

తెలుసన్నాను.

అరుస్తారనుకున్నాను. కొడతారేమోనని కూడా అనుకున్నాను. ఏమీ లేదు. "వాళ్ళు నా దుడ్లు తీసుకుపోయినారు లక్ష్మీ, అవి మళ్ళా సంపాదిస్తా. ఇంట్లో ఒక్కరు, అవును, సింహాలు పండుకోనుండాయి అని అనింటే, ఆ నా కొడుకుల నోటి మాట కోసం నేను ఆ గదిలో కూర్చుంటానా?" అన్నారు. చాలా మెల్లగా అన్నారు.

తరువాత గిరికి ఫోన్ చేసి, "మా మామ కన్ను బాగుండాది. తప్పు మా ఇంట్లో జరిగింది. పోయి ఆయప్పకి చెప్పు" అన్నారు. రేపో మాపో గిరి వస్తాడు, నువ్వు ముభావంగా ఉండకు. నీ కోసం అంత చేసిన మనిషి, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నం పెడితే తింటారు. ఏమైనా అడిగితే జవాబు చెబుతారు. పరాయివాళ్ళ ఇంట్లో దిగిన చుట్టంలాగా మర్యాదగా ఉంటారు. ఆయనను కాపాడుకోవాలనే అబద్ధం చెప్పాను చిన్నాయనా. గడియ పెట్టింది నేనేనని అప్పుడు నాకు తెలియలేదు.

సాయంత్రం అంగడి మూసి ఆయన అదే గదిలో కూర్చుంటున్నారు. ఆ ఇరవై రోజులూ మూసిన తలుపు తట్టడానికైనా నాకు చేతులు వచ్చేవి. ఇప్పుడు తలుపు బార్లా తెరిచే ఉంది. గడప దాటి లోపలికి పోవడానికి నాకు కాళ్ళు రావడం లేదు.

లక్ష్మీప్రసన్న